‘వారంలో పుండు మాయం’ అని హెడ్డింగు పెట్టే ముందు

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ జిల్లా పేజీలో పుండ్లకు వేసే నానో జెల్ మీద వార్త వచ్చింది. ‘వారంలో పుండు మాయం’ అని పెద్దక్షరాల్లో హెడ్డింగు, పక్కన గాజు పళ్లెంలో పచ్చటి ముద్ద ఫొటో. పొద్దున తొమ్మిది కొట్టేసరికి నాకు పదకొండు ఫోన్లు. నేను నల్లగొండలో ఒక ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్తాను, నాలుగేళ్లుగా ఈ జెల్స్‌తో ఏదో గెలుకుతున్నానని చుట్టాలందరికీ తెలుసు. అందుకని ‘అక్కా, గా మందు నీ దగ్గర దొరుకుతదా’ అని ఒకరు, ‘మా అత్తమ్మ కాలికి పనికొస్తదా’ అని ఇంకొకరు. దేవరకొండ నుంచి మా మేనమామ చేసిన ఫోనే నన్ను కూర్చోనివ్వలేదు. ‘బిడ్డా, డాక్టరేమో వేలు తీసెయ్యాలంటున్నడు, బుధవారం రమ్మన్నడు, గీ జెల్ వస్తదంటే ఆగుతం’ అన్నాడు. ఆగొద్దు మామా, నల్లబడ్డ వేలికి ఏ జెల్లూ ప్రాణం పొయ్యదు, పైకి పాకక ముందే పో అని నచ్చజెప్పేసరికి అరగంట పట్టింది, తల ప్రాణం తోకకొచ్చింది. ఆ అరగంట వల్లే ఈ ఉత్తరం.

మీ వార్త అబద్ధమని నేను అనడం లేదు. జెల్ తయారై ఉంటుంది, ల్యాబ్ పళ్లెంలో పెంచిన బాక్టీరియా చచ్చి కూడా ఉంటుంది, దాన్ని చేసిన పిల్లలు కష్టపడే ఉంటారు. పళ్లెం నుంచి మనిషి కాలి దాకా ఎంత దూరమో అందులో ఒక్క ముక్క లేదు, నా గొడవంతా దాని గురించే.

ముందు, ఈ జెల్ అసలు పేరు హైడ్రోజెల్, అది ఏదో విదేశీ వింత కాదు. సబ్జా గింజలు చెంచాడు నీళ్లలో వేసి అయిదు నిమిషాలాగి చూడండి, ప్రతి గింజ చుట్టూ ఓ తెల్లటి జిగురు గుండు కడుతుంది, అది హైడ్రోజెల్. మన తాటి ముంజ కూడా అంతే, లేత ముంజలో గాలక్టోమానన్ అనే చక్కెర గొలుసులు నీళ్లను పట్టుకుని కూర్చుంటాయి, అందుకే వేలితో పొడిస్తే నీళ్లు చిమ్ముతాయి కానీ ముంజ మాత్రం ముంజలాగే ఉంటుంది. పోగులతో అల్లిన వల, ఆ వల నిండా నీళ్లు, నీళ్లు కారిపోవు, వల కరిగిపోదు. పసిపిల్లల డైపర్లో ఉండే పొడి కూడా ఈ జాతిదే. పొలంలో తేమ ఆగడానికి ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్లు తెచ్చిన పూసా హైడ్రోజెల్ సంగతి మా పక్కింటి రైతు అడిగాడు, ఇదీ అదీ ఒకటేనా అని. కుటుంబం ఒకటే, పని వేరు, దాన్ని తెచ్చి పుండు మీద పొయ్యకండి.

వైద్యానికి దీన్ని పట్టుకొచ్చింది ప్రేగ్ నగరంలోని ఓటో విఖ్తర్లే, ద్రహోస్లావ్ లిమ్. 1960లో ‘నేచర్’ పత్రికలో వాళ్ల పేపరు వచ్చింది, నీళ్లు పీల్చుకునే జెల్లు ఒంటికి పడతాయి అని. మరుసటి ఏడాది క్రిస్మస్‌కి విఖ్తర్లే ఇంట్లోనే వంటింటి బల్ల మీద, పిల్లలు ఆడుకునే బిగింపు సామాను, సైకిల్ డైనమో పెట్టి, గిర్రున తిరిగే యంత్రం చేసి మెత్తటి కాంటాక్ట్ లెన్స్ పోశాడు. ఇది చెప్పినప్పుడు మా పిల్లలకు నవ్వే నవ్వు. అయితే నేను వాళ్లకు ఇంకో తారీఖు కూడా గుర్తు పెట్టుకోమంటాను: ఆ లెన్స్ అమెరికాలో అమ్మకానికి అనుమతి దొరికింది 1971లో. వంటింటి బల్ల నుంచి అంగడి దాకా పదేళ్లు పట్టింది. అది కంట్లో పెట్టుకునేది మాత్రమే, కుళ్లిన పుండు మీద వేసేది కూడా కాదు.

ఇక నానో. ఉత్త హైడ్రోజెల్‌కు ఉన్న రోగం ఏమిటంటే బలం ఉండదు, చేత్తో పట్టుకుంటే గడ్డపెరుగులా పగిలిపోతుంది. 2002లో జపాన్‌లో హరగుచి, తకెహిసా అనే ఇద్దరు దీనికి మందు కనిపెట్టారు. మట్టి రేకులు, మామూలు మట్టి కాదు, ఒక్కో రేకు అడ్డంగా పాతిక ముప్పై నానోమీటర్లు, మందం ఒక్క నానోమీటర్ ఉండే రకం, వాటిని జెల్లో కలిపితే పోగులన్నీ ఆ రేకులకు ముడిపడ్డాయి, జెల్ తన పొడవుకు పది రెట్లు పైన సాగి కూడా తెగలేదు. మన వెంట్రుక మందం ఎనభై వేల నుంచి లక్ష నానోమీటర్లు ఉంటుంది, దాన్నిబట్టి ఆ రేకెంతో ఊహించుకోండి. పాత ఇళ్లకు మట్టిగోడ పెట్టేటప్పుడు వరిగడ్డి వేసి తొక్కుతారు కదా, ఒట్టి మట్టి అయితే బీట వేస్తుందని, అదే ఉపాయం, కాకపోతే ఇక్కడ తారుమారు, గోడేమో పోగులది, మట్టి దానికి పట్టు. ఇలా నానో సైజు వస్తువేదైనా కలిపిన జెల్‌నే నానోకాంపోజిట్ హైడ్రోజెల్ అంటారు. మట్టి కలిపితే బలం వస్తుంది, వెండి కలిపితే సూక్ష్మజీవుల్ని చంపుతుంది, ఎముకలో ఉండే హైడ్రాక్సీఅపటైట్ కలిపితే ఎముక కణాలు పట్టుకుని పెరగడానికి తావు దొరుకుతుంది. వెండి జెల్లు మనకు కొత్త కూడా కాదు, అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో పదిహేనేళ్ల కిందే దీని మీద మంచి పని జరిగింది.

ఇప్పుడు మన నల్లమల సంగతి, ఎందుకంటే మీ వార్తలో ‘స్థానిక బంకతో’ అని ఓ మాట ఉంది, ఆ బంక ఏదో ఎవరు తెచ్చారో లేదు. మన దగ్గర అలాంటివి తపసి బంక, కొండగోగు బంక. అమ్రాబాద్, మన్ననూరు అడవిలో చెంచులు చెట్టుకు గాటు పెట్టి, కారి గడ్డకట్టిన బంక ఏరుకొచ్చి గిరిజన సహకార సంస్థకో షావుకారుకో అమ్ముతారు. తపసి బంక నీళ్లలో కరగదు, ఉబ్బుతుంది, అదే దాని గొప్ప. పళ్లసెట్టు అంటుకోవడానికి వాడే పొడిలో, పేగు ఆపరేషన్ అయినవాళ్ల పొట్టకు సంచి అతికించే రింగుల్లో ఎన్నో ఏళ్ల నుంచి ఈ బంకనే వాడుతున్నారు. కొండగోగు బంకతో వెండి నానో కణాలు చెయ్యొచ్చని హైదరాబాద్‌లోని భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) వాళ్ల పదార్థాల పరీక్షా కేంద్రం, ఉస్మానియా బయోకెమిస్ట్రీ వాళ్లు కలిసి 2010లోనే పేపరు వేశారు, పేరు కూడా ‘గమ్ కొండగోగు’ అనే, మన తెలుగు పేరే.

రెండేళ్ల కింద ఎండాకాలం మా విద్యార్థులతో మన్ననూరు దాటి ఒక పెంటకు, అంటే చెంచుల గూడేనికి, పోయాను. అక్కడొక పెద్దమనిషి గుడ్డ పరిచి బంక ఆరబోసి ఉన్నాడు, తెల్లటివి ఒక కుప్ప, బెరడు అంటినవి ఇంకో కుప్ప. ‘ఏం జేస్తరు బిడ్డా దీన్ని’ అని అడిగాడు. పుండ్లకు కట్టే మందు చేద్దామని చూస్తున్నం తాతా అన్నాను. ఆయన ఓసారి నన్నూ బంకనూ చూసి, ‘మేమైతే పుండుకు ఆకు పసరు పెడ్తం, ఇది అమ్ముకుంటం’ అన్నాడు. మా పిల్లలు ఇప్పటికీ ల్యాబ్‌లో ఏదన్నా చెడిపోతే ‘మేమైతే అమ్ముకుంటం మేడం’ అంటారు.

ఆ రోజు ఆయన దగ్గర కిలో కొన్నాను. ఆ కిలోకిచ్చిన డబ్బుతో కెమికల్ కంపెనీ కేటలాగ్‌లో అదే బంక పొడి వంద గ్రాముల డబ్బా రాదు. తేడా ఎక్కడుంది? శుద్ధి చేయడంలో, పరీక్ష చేసి కాగితం ఇవ్వడంలో. అడవి మనది, చెట్టెక్కేది మనవాళ్లు, శుభ్రం చేసేవాడికి లాభం.

శుద్ధి అంటే ఏదో రాకెట్ కాదు, కానీ ఓపిక కావాలి. బంక ముక్కల్ని చిన్న రోట్లో నలగ్గొట్టి, చిమటాతో బెరడు పేళ్లు ఏరాలి. ఒక కిలోకు నాకూ ఇద్దరు పిల్లలకూ రెండు సాయంత్రాలు పట్టింది. తపసి బంక సంచి విప్పగానే గుప్పున వెనిగర్ వాసన కొడుతుంది, బంకలోనే ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది, నిల్వ ఉన్నకొద్దీ బయటికొస్తుంది. రాత్రంతా నానబెట్టి పొద్దున పల్చటి గుడ్డలో వడగడితే గుడ్డలో మిగిలిన ఇసుక చూసి, ఇదా మనం పుండు మీద పెట్టబోయేది అనిపించింది. తర్వాత ఆల్కహాల్ పోస్తే తెల్లటి పీచులా విరిగి పైకొస్తుంది, అది ఆరబెట్టి పొడి చెయ్యాలి. ఆ పొడి నీళ్లలో ఉబ్బించి, సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేసి వేడి చేస్తే మెల్లగా లేత పసుపు, ఆ తర్వాత టీ డికాక్షన్ రంగు వస్తుంది. రంగు మారిందంటే నానో వెండి పుట్టినట్టు. నాలుగేళ్లయినా ఆ రంగు మారేటప్పుడు మేం అందరం పని ఆపి చూస్తాం. మీ విలేకరి గారు ఫొటో తీసింది ఆ తర్వాతి పళ్లెం అయి ఉంటుంది, పచ్చటి పొర, మధ్యలో జెల్ బిళ్ల, చుట్టూ బాక్టీరియా లేని ఖాళీ వలయం. నిజంగా బాగుంటుంది. నేను కూడా మొదటిసారి ఆ వలయం చూసి ఇంటికి ఫోన్ చేశాను.

ఆ మరుసటి వారం సంగతి కూడా చెప్పాలి. పుండు మీద పెట్టేది ఏదైనా స్టెరైల్ చెయ్యాలి కదా, అంటే సూక్ష్మజీవి అన్నది లేకుండా చెయ్యాలి, అందుకని ప్రెషర్ కుక్కర్ లాంటి ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు పెట్టాం. మూత తీస్తే జెల్ లేదు, గంజి ఉంది. నెల రోజుల పని, గరిటెతో పొయ్యొచ్చు. సరే గామా కిరణాలతో చేయిద్దామంటే దానికి హైదరాబాద్ పంపాలి, మాలాంటి చిన్న ల్యాబ్ పది బిళ్లలు పంపితే ఎవరు పట్టించుకుంటారు. ఆ తర్వాత వానాకాలం తెచ్చిన రెండో సంచి బంకతో చేస్తే అసలు చిక్కదనమే వేరుగా వచ్చింది, అదే చెట్టు, అదే అడవి, అదే చెయ్యి. మందు అన్నాక నిన్న చేసిందీ రేపు చేసేదీ ఒకటిగా ఉండాలి, లేకపోతే అది మందు కాదు, వంట.

వెండి మోతాదు ఇంకో తలనొప్పి. బాక్టీరియాను చంపే వెండి మన చర్మ కణాల్ని కూడా వదలదు, మోతాదు దాటితే కొత్త చర్మం రావడమే ఆలస్యం అవుతుంది. కాలిన గాయాలకు 1960ల చివర్నుంచి వాడుతున్న సిల్వర్ సల్ఫాడయాజిన్ మీద కూడా ఇదే వాదన ఉంది. పళ్లెంలో వలయం ఎంత పెద్దదైతే అంత గొప్ప అని పిల్లలు అనుకుంటారు, పేపర్లు అనుకుంటాయి. వలయం పెద్దదంటే వెండి ఒక్కసారే బయటికి దూకుతోందని కూడా అర్థం. మెల్లగా వదలాలి, రోజుల తరబడి, అది చెయ్యగలిగితేనే నానోకాంపోజిట్‌కు అర్థం. దాన్ని కొలవాలంటే గంట గంటకూ శాంపిల్ తీస్తూ కూర్చోవాలి, అందులో ఫొటో తీయడానికి ఏమీ ఉండదు, అందుకే అది వార్త కాదు.

ఇంత చదివి ‘ఈవిడకు జెల్లంటే పడదేమో’ అనుకోకండి. నేను దీంట్లోకి వచ్చిందే మా నాయిన కాలి వల్ల. షుగరు, అరికాల్లో రూపాయి బిళ్లంత పుండు. రోజూ ఊళ్లో కట్టు మార్చేవాళ్లు, ఎండిపోయిన గాజుగుడ్డ పుండుకు అతుక్కుని ఉండేది, సెలైన్ పోసి నానబెట్టే ఓపిక ఎవరికీ ఉండేది కాదు, పట్టి లాగేవాళ్లు. గుడ్డతో పాటు రాత్రంతా కష్టపడి వచ్చిన లేత పొర కూడా ఊడొచ్చేది. నాయిన మంచం పట్టె పట్టుకుని గోడవైపు చూసేవాడు. షుగరు వల్ల పాదంలో తిమ్మిరి ఉన్నా ఆ లాగడం మాత్రం తెలిసేది ఆయనకు. మన భాషలోనే ఉంది చూడండి తప్పు, పుండు మానితే ‘ఆరింది’ అంటాం. ఆరాలి, గాలి తగలాలి, పొడి చల్లాలి. 1962లో జార్జ్ వింటర్ అనే ఆయన పందుల మీద పరీక్షించి, తడి ఆరకుండా పొర కప్పిన గాయం మీద కొత్త చర్మం దాదాపు రెండింతలు తొందరగా పాకుతుందని చూపించాడు. అరవై ఏళ్లు దాటింది, మన ఊళ్లలో ఇంకా గాజుగుడ్డ పీకుతూనే ఉన్నారు.

హైదరాబాద్‌లో మొదటిసారి నాయిన కాలికి మామూలు హైడ్రోజెల్ డ్రెస్సింగ్ వేశారు, నానో గీనో ఏమీ లేదు. రెండో రోజు తీస్తే ఊరికే జారి వచ్చేసింది. నాయిన ‘అయిపోయిందా?’ అన్నాడు, అప్పటికి నేను పాత పట్టీ చెత్తబుట్టలో వేసేశాను. అంతటి సుఖం ఇచ్చిన వస్తువును నేను తక్కువ చేసి మాట్లాడను. కానీ పుండు మానింది నాలుగు నెలలకు, వారానికి కాదు. నన్నడిగితే జెల్ కన్నా ఎక్కువ పని చేసింది ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు చెప్పు, దాంట్లో పుండు దగ్గర బరువు పడకుండా కోసిన గుంట, ఇన్సులిన్, ఇంట్లో కూడా చెప్పులు విడవనివ్వని మా అమ్మ. చీము కారే పుండుకు జెల్ వేస్తే ఉన్న తడికి ఇంకా తడి, చుట్టూ చర్మం నానిపోతుంది, అక్కడ వేరే రకం డ్రెస్సింగ్ కావాలి. ఏ పుండుకు ఏది అనేది చూసి చెప్పే మనిషి ఉండాలి. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే లెక్క ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉంది, మీ హెడ్డింగు చదివి ఆగిపోయే మేనమామలు ఎందరుంటారో మీరే ఆలోచించండి.

వార్త చివర్లో ‘ఫ్లోరోసిస్ బాధితులకూ ఆశ’ అని ఓ వాక్యం. ఇది చదివి నిజంగా కోపం వచ్చింది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు జనం ఇలాంటి ఆశ మాట ఎన్ని నోళ్లలోంచి విన్నారో. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్లు ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టారు, పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కు దించడం, అంటే ప్రపంచమంతా పుస్తకాల్లో మన జిల్లా పేరు ఈ రోగంతో ముడిపడి ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముక స్ఫటికంలోని హైడ్రాక్సిల్ స్థానంలో ఫ్లోరైడ్ చేరుతుంది, ఒక చోట కాదు, ఒళ్లంతా. నరాల్లా కనిపించే లిగమెంట్లు కూడా సున్నం పట్టి బిగుసుకుంటాయి. హైడ్రాక్సీఅపటైట్ జెల్ అనేది ఎముకలో పడ్డ ఓ గుంత పూడ్చడానికి, పన్ను పీకిన చోటనో విరిగిన చోటనో. వంగిపోయిన వెన్నును అది నిలబెట్టదు. నడుము వంగినవాళ్ల ఊళ్లో ఆ మాట అచ్చు వెయ్యడం పుండు మీద కారం చల్లినట్టే.

ఎలా రాయొచ్చో కూడా ఉదాహరణ మన దగ్గరే ఉంది. 2022లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ కలిసి మనిషి కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) పదార్థం నుంచే తీసిన హైడ్రోజెల్‌తో కృత్రిమ కార్నియా ప్రింట్ చేశారు. చేసినవాళ్లు స్పష్టంగా చెప్పారు, ఇది పెట్టింది కుందేలు కంట్లో, మనుషుల మీద పరీక్షలు ఇంకా ఉన్నాయి అని. అంత పెద్ద సంస్థలు కుందేలు దగ్గర ఆగి మాట్లాడాయి. పళ్లెం దగ్గరున్న మేము, మమ్మల్ని చూసి రాసే మీరు వారంలో మాయం అంటున్నాం.

నేను మిమ్మల్ని అడిగేది రెండు మాటలే. ఇలాంటి వార్తకు వచ్చే విలేకరి మమ్మల్ని నాలుగు ప్రశ్నలు అడగాలి: ఎలా స్టెరైల్ చేశారు, చర్మ కణాల మీద పరీక్షించారా, మూడు విడతల్లో ఒకేలా వచ్చిందా, 2017 మెడికల్ డివైస్ రూల్స్ కింద ఇది ఏ తరగతిలో పడుతుందో కనుక్కున్నారా. జవాబు లేకపోతే లేదనే రాయండి, మాకు సిగ్గు పుడితే పుట్టనివ్వండి. రెండోది, ఫొటో పడని పనికి కూడా ఓ వార్త వెయ్యండి. పాలమూరు విశ్వవిద్యాలయం ఉంది, ఇక్కడ మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం ఉంది, మన్ననూరులో గిరిజన సంక్షేమ యంత్రాంగం ఉంది. బంకను శుభ్రం చేసి, చిక్కదనం కొలిచి, ఎండోటాక్సిన్ అనే బాక్టీరియా విషం ఉందేమో పరీక్ష చేసి, విడత నంబరు వేసి ఇచ్చే ఓ చిన్న కేంద్రం రెండు జిల్లాలకు కలిపి ఒకటి పెడితే, మాలాంటి ల్యాబులన్నీ ఎవరికి వాళ్లు రోట్లో దంచుకునే పని తప్పుతుంది, ఆ తాతకు తెల్ల కుప్పకు తగ్గ ధర వస్తుంది. చెట్టుకు అడ్డదిడ్డంగా గాట్లు పెట్టి చంపుకోకుండా గియ్యడం నేర్పించే పని కూడా అక్కడే జరగాలి, తపసి చెట్లు ఇప్పటికే పలచబడ్డాయి.

మీ విలేకరి గారు మా ల్యాబ్‌కు రావచ్చు. గురువారం అయితే మంచిది, ఆటోక్లేవ్ మాకు దొరికేది ఆ రోజే. గంజి అయిన జెల్ ఒక సీసాలో దాచి ఉంచాను, దాన్ని ఫొటో తీసుకోవచ్చు.

మామకు బుధవారం వేలు తీశారు, పాదం నిలిచింది. నిన్న ఆసుపత్రి మంచం మీది నుంచే ఫోన్ చేసి, ‘జెల్ ఎప్పుడొస్తది బిడ్డా’ అని మళ్లీ అడిగాడు.

ఇట్లు,
ఒక ఫార్మసీ టీచర్,
నల్లగొండ